వంకర వరుసల సంగతి

అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వూ, అన్నయ్యా, వదినా క్షేమంగానే ఉన్నారని నీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది, ఎందుకంటే అందులో సగం తిట్లే ఉన్నాయి. ఒంట్లో బాగుంటేనే నువ్వు అన్ని తిట్లు చెప్పి రాయిస్తావు. క్షేమమన్న మాట ఎప్పుడూ అలవాటు కొద్దీ రాసేసేదే అయినా, ఈసారి నిజమని తేల్చుకుని మరీ రాశాను. ఎలా తేల్చుకున్నానో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

వదినా, ముందు నీకొక మాట. కవరులో ఉత్తరంతోపాటు ఒక అట్ట ఉంది. దాన్ని పక్కన పెట్టు. చూడొద్దంటే నువ్వు ఊరుకోవని తెలుసు కాబట్టి దాని మీద తెల్లకాగితం అంటించి పంపుతున్నాను. నేను చెప్పినప్పుడే ఆ కాగితం తియ్యాలి. ఉత్తరం మాత్రం గట్టిగా చదువు. నీకు నచ్చని చోట గొంతు తగ్గించడం, నిన్ను పొగిడిన చోట రెండుసార్లు చదవడం కుదరదు.

అమ్మా, నువ్వు అడిగిన వాటికి జవాబులు. మీ అల్లుడికి నడుం నొప్పి తగ్గింది. బస్సులో డ్రైవర్లకి కొత్త సీట్లు వేశారట. ఆ సీటు గురించి ఆయన మురిసిపోతూ చెప్పడం వింటుంటే నాకు సవతి వచ్చిందేమో అనిపిస్తోంది. పై అంతస్తు వాళ్ళ కుళాయి కారడం ఆగింది. మా గోడ మీద మచ్చ మాత్రం అలాగే ఉంది, మేమే దాన్ని చూడటం మానేశాం. ఇక మూడోది. 'పోయిన రెండు ఉత్తరాల్లో నీ రాత కోడి గెలికినట్టుందట, వరుసలు వంకరగా కొండెక్కుతున్నాయట, చదవలేక మీ వదిన విసుక్కుంటోంది, నీకేమైంది' అని అడిగావు. దానికి జవాబుంది. అది ముందే చెబితే నువ్వు మిగతా ఉత్తరం వినవు. కాస్త ఆగు.

మా ప్రెస్సు కొత్త అంతస్తులోకి మారిందని రాశాను కదా. నేను అక్కడ కూర్చుని పుస్తకాలు చదువుకుంటానని నువ్వు ఇప్పటికీ అందరికీ చెబుతున్నావట. పుస్తకాలు కాదమ్మా. మందుల పెట్టెల్లో మడిచి పెడతారే, ఎవరూ విప్పి చూడని కాగితాలు, అవీ నేను చదివేది. పెద్దవాళ్ళకి ఎంత, పసిపిల్లలకి ఎంత, ఏ జబ్బున్నవాళ్ళు వేసుకోకూడదు, అదంతా చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అచ్చుకి వెళ్ళేముందు అందులో తప్పు లేదని చూసేది మేమిద్దరం. నేను కంప్యూటర్ ముందు కూర్చుంటాను. నా పక్కన మందుల కంపెనీ పంపిన అసలు కాగితం పట్టుకుని చుక్కల మాస్టారు పైకి చదువుతారు. ఒకప్పుడు బళ్ళో పాఠాలు చెప్పినాయన. మా పనిలో చుక్కనీ కామానీ కూడా పైకి చదవాలి. 'పెద్దలకు రెండు మాత్రలు, కామా, భోజనం తర్వాత, చుక్క' అంటూ ఆయన ఒకే రాగంలో పోతుంటే నేను మానిటర్ మీద వెంటబడి పోతాను. ఇంట్లో భార్యతో కూడా ఆయన 'టీ పెట్టు, చుక్క' అంటారని మా ప్రెస్సులో వేళాకోళం.

ఒకసారి చదవడం అయిపోయాక మేం కుర్చీలు మార్చుకుంటాం. ఆయన మానిటర్ ముందుకి వస్తారు, నేను కాగితం పట్టుకుని మళ్ళీ మొదటినుంచీ చదువుతాను. ఒకరి కన్ను జారిన చోట రెండోవారి కన్ను పట్టుకుంటుందని ఈ పద్ధతి.

కొత్త అంతస్తులో అన్నీ కొత్తవే. గోడంత అద్దాల కిటికీలు, పెద్ద పెద్ద మానిటర్లు. మా సూపర్‌వైజర్ మంచివాడు. మాస్టారి తర్వాత అక్కడ నేనే పెద్దదాన్నని, నా మానిటర్ కింద రెండు కాగితాల కట్టలు పెట్టి ఎత్తు చేశాడు. "మీరు మెడ వంచక్కర్లేదు మేడం," అన్నాడు. ఆ గదిలో నా మానిటరే అన్నిటికంటే ఎత్తుగా ఉంటే నాకు లోలోపల కొంచెం గొప్పగానే అనిపించింది.

కొన్నాళ్ళకి మొదలైంది. మధ్యాహ్నం దాటేసరికి మానిటర్ మీద అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నట్టు, అంచులు నీళ్ళలో నానిపోయినట్టు కనపడేవి. సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. కళ్ళద్దాలు పదే పదే తుడిచాను. మొహం కడుక్కుని వచ్చాను. మానిటర్‌కి ముక్కు ఆనించి చూశాను. ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో నీకు వేరే చెప్పక్కర్లేదు. నీకు నీటికాసుల జబ్బని, కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందని డాక్టరు చెప్పిన రోజు నేను నీ పక్కనే ఉన్నాను. నీ చూపు గురించి ఒక్క మాట అడగలేదు నువ్వు. రేపటినుంచి మిషను మీద బట్టలు ఎలా కుట్టాలనీ అడగలేదు. "మా పిల్లకి రాదు కదండీ," అని అడిగావు. "రావచ్చు, ఏటా చూపించుకోవాలి," అన్నాడాయన. అప్పటినుంచి నేనెప్పుడు వచ్చినా గుమ్మంలోనే నా మొహం రెండు చేతుల్లో పట్టుకుని 'బాగా కనపడుతోందా' అంటావు. ఏటా చూపించుకుంటూనే ఉన్నాను. ఈసారి మాత్రం, తీరా కళ్ళు మొరాయిస్తుంటే, వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. వెళితే పేరు పెట్టి చెప్పేస్తారు కదా.

ఇంతలో ఒకరోజు పిల్లల జ్వరం మందు కాగితం వచ్చింది. మాస్టారు 'మూడు మిల్లీలీటర్లు' అని చదివారు. నాకు మానిటర్ మీద మూడే కనపడింది. 'సరే' అన్నాను. తర్వాత కుర్చీలు మార్చుకున్నాం. నేను చదువుతున్నాను, ఆయన చూస్తున్నారు. అదే చోటికి వచ్చేసరికి ఆయన వేలు పైకెత్తారు.

"ఇక్కడ ఎనిమిదుందమ్మా," అన్నారు మెల్లగా.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వంగి దగ్గరగా చూస్తే నిజంగానే ఎనిమిది. టైపు చేసినవాళ్ళ చేయి జారింది. దాన్ని పట్టుకోవడానికే నేనక్కడ కూర్చుని ఉన్నాను. మాస్టారు దాన్ని సరిచేయించి వచ్చి, అటూ ఇటూ చూసి, నా పక్కన కూర్చున్నారు.

"పద్ధతి ఉంది కాబట్టి దొరికింది. తప్పు జారడం కాదమ్మా నాకు భయం. నువ్వు 'సరే' అన్నప్పుడు నీ గొంతులో అనుమానం కూడా లేదు. కంటి డాక్టర్ని చూసి రా. అంతదాకా స్క్రీన్ ముందు రెండుసార్లూ నేనే కూర్చుంటా, నువ్వు కాగితం చదివిపెట్టు. వెళ్ళనన్నావనుకో, సూపర్‌వైజర్‌కి నేనే చెప్పాలి. పసిపిల్లలు తాగే మందు."

కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆయన బతిమాలుతున్నట్టు అన్నారు. మూడుకీ ఎనిమిదికీ తేడా కనపడని దాన్ని ఆ ఉద్యోగంలో ఎవరు ఉంచుతారమ్మా? ఆ పని తప్ప నాకు ఇంకో పని రాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు వచ్చేదాకా మాస్టారికి కాగితాలు చదివి పెట్టాను. చీమ తలకాయల అక్షరాలు గడగడా చదివేశాను. కాగితం మీద ఒక్కటి కూడా అలుక్కుపోలేదు. మరి ఆ సంగతి నీ బుర్రకి తట్టలేదా అని ఇప్పుడు నువ్వు అంటావు. భయం పట్టినప్పుడు బుర్ర పనిచెయ్యదు.

కంటి డాక్టరమ్మ నాకంటే చాలా చిన్నది. కంట్లోకి గాలి కొట్టే మిషను దగ్గర కూర్చోబెట్టింది. చీకటి డబ్బాలో మొహం పెట్టించి, మిణుకుమిణుకుమనే చుక్కలు కనపడినప్పుడల్లా బొత్తాం నొక్కమంది. కనపడని చుక్కలకి కూడా నొక్కేద్దామా అనిపించింది, ఆశ అలాంటిది. అన్నీ అయ్యాక బల్ల అవతల కూర్చోమని, నాకేసి చూడకుండా టకటకా టైపు చెయ్యడం మొదలుపెట్టింది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఆవిడ మొహంలో ఏముందో కనిపెట్టాలని చూశాను. మొహంలో ఏమీ లేదు. అప్పుడు పక్కకి తిరిగి ఉన్న ఆవిడ మానిటర్ మీద నా చూపు పడింది.

మెత్తటి తెలుపు మీద నల్లటి, లావుపాటి అక్షరాలు. వరుసకీ వరుసకీ మధ్య బోలెడంత జాగా. 'రెండు కళ్ళూ బాగున్నాయి. తల్లికి ఉన్న జబ్బు లేదు.' ఆవిడ టైపు చేస్తుండగానే చదివేశాను.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కంగారుపడి చేతులు ఆపేసింది.

"ఏమైందండీ? నేనింకా ఏం చెప్పలేదే."

"చదివేశానండీ," అన్నాను.

ఆవిడ తన మానిటర్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి నవ్వింది. "ఇంత దూరం నుంచి, ఇంత ఏటవాలుగా ఉన్నది చదివారా? మరి మీ ఆఫీసులో మూరెడు దూరంలో ఉన్నది ఎందుకు చదవలేకపోతున్నారు?"

ఆవిడే వివరంగా చెప్పింది. నీకు మొదట పోయింది పక్క చూపు. గుమ్మాలకీ బల్ల అంచులకీ కొట్టుకుంటూనే సూదిలో దారం మాత్రం ఇట్టే ఎక్కించేదానివి. నాకేమో పక్కలన్నీ బాగున్నాయి, మానిటర్ మీది అక్షరాలే అలుక్కుపోతున్నాయి. దానికీ దీనికీ పోలికే లేదంది. తర్వాత నా బల్ల ఎక్కడుంది, కిటికీ ఎటుంది, మానిటర్ ఎంత ఎత్తులో ఉందని అడిగింది. కాగితాల కట్టల సంగతి చెప్పగానే తల పట్టుకుంది.

"మీ అద్దాల్లో దగ్గరివి చదివే భాగం కింద ఉంది. స్క్రీన్ పైన ఉంది. అంటే దూరం చూసే భాగంలోంచి దగ్గరిది చదువుతున్నారు. కిటికీ వెలుగంతా వెనకనుంచి వచ్చి స్క్రీన్ మీద పడుతోంది. పైగా ఇందాకటినుంచి చూస్తున్నాను, మీరు శ్రద్ధగా చూసేటప్పుడు రెప్ప వెయ్యరు. మందేమీ లేదండీ. బల్ల సర్దుకోండి, రెప్ప వెయ్యండి."

మర్నాడు సూపర్‌వైజర్‌కి చెబితే పాపం మొహం చిన్నబుచ్చుకున్నాడు, కట్టలు పెట్టింది తనే కదా. వాటిని తీసేశాడు. బల్లని తిప్పి కిటికీ మాకు పక్కకి వచ్చేలా పెట్టించాడు. ఆ తర్వాత మానిటర్ ముందు కూర్చుని ఏవో నొక్కి, "అయ్యో" అన్నాడు. కంప్యూటర్ ఇంకా పాత చిన్న మానిటర్ కొలతకే బొమ్మ పంపుతోందట, కొత్తది దాన్ని లాగి సాగదీసి చూపిస్తోందట. నీకు అర్థమయ్యేలా చెబుతాను. చిన్నపిల్లాడి చొక్కా పెద్దమనిషికి లాగి తొడిగితే కుట్లు ఎలా విచ్చుకుంటాయో, అక్షరాల అంచులు అలా విచ్చుకుపోయాయి. కొలత సరిచెయ్యగానే అవి గంజి పెట్టినట్టు నిలబడ్డాయి. వెలుగు కూడా దీపస్తంభంలా ఉండేది. మానిటర్ పక్కన తెల్లకాగితం పట్టుకుని, రెండు తెలుపులూ ఒక్కలా కనపడేదాకా తగ్గించాం.

అన్నీ వాళ్ళ మీదికి నెట్టడం ఎందుకు, అసలు ముద్దాయిని నేనే. కాగితం రెండు వైపులా ఒకేసారి మానిటర్ మీద కనపడేలా కుదించి పెట్టుకుని చదువుతున్నాను. అచ్చు పనిలో పెరిగినవాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. కాగితం మొత్తం కళ్ళముందు లేకపోతే మాకు ఊపిరాడదు. అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయి, ముసలివాళ్ళు ఎలా చదువుతారని మందుల కంపెనీలతో రోజూ పోట్లాడేదాన్ని నేను. నా కళ్ళ తరఫున పోట్లాడాలని మాత్రం తోచలేదు. ఇప్పుడు కుదించి ఒకసారి పొందిక చూసుకుంటాను, తర్వాత అక్షరాలు బాగా పెద్దవి చేసి, కొంచెం కొంచెంగా జరుపుకుంటూ చదువుతాను. పని కాస్త నెమ్మదించింది. మాస్టారు ఆ తప్పున్న పాత కాగితాన్నే తెచ్చి, నాకు చెప్పకుండా మానిటర్ మీద పెట్టించి చదవడం మొదలుపెట్టారు. 'మూడు' అని ఆయన అనీ అనకముందే 'ఎనిమిది' అన్నాను. ఆయన కాగితం కింద పెట్టి, "చుక్క" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే మీ అల్లుడు ఊరుకుంటారా? "బండెక్కగానే సీటూ అద్దాలూ సర్దుకోకుండా మేం తాళం తిప్పం. నువ్వు ఎవరో సర్దిన సీట్లో కూర్చుని ఇన్నాళ్ళు బండి నడిపావు," అన్నారు. ఇప్పుడు నేను ఏ పని మీద ఉన్నా పక్క గదిలోంచి 'రెప్ప' అని కేకేస్తున్నారు. చిరాగ్గానే ఉంది, కానీ వేస్తున్నాను.

ఇక నీ మూడో ప్రశ్న. వదినా, ఇక్కడ కొంచెం మెల్లగా చదువు.

అమ్మా, పోయిన రెండు ఉత్తరాలూ నేను కళ్ళు మూసుకుని రాశాను.

నా చూపు పోతోందని రూఢి చేసేసుకున్నాను. పోతే పోనీ, నీకు తెలియకుండా ఉంటే చాలనుకున్నాను. ఉత్తరాలు ఆగిపోతే నువ్వు ఎందుకని అడుగుతావు. అడిగితే చెప్పాలి. చెబితే, నా వల్లే వచ్చిందని కుమిలిపోతావు. ఆ రోజు డాక్టరుని అడిగిన మాట నేను మర్చిపోలేదు. అందుకని చూపు ఉండగానే, చూడకుండా రాయడం నేర్చుకుందామనుకున్నాను. ఎడమచేతి వేలు వరుస కింద ఆన్చి, కళ్ళు మూసుకుని రాశాను. బాగానే వచ్చిందనుకున్నాను. వదిన చదవలేక విసుక్కుంటుందని, నువ్వు వినగానే పట్టేస్తావని ఊహించలేదు.

ఉత్తరాలే కాదు, ఇంట్లో కూడా కళ్ళు మూసుకుని తిరగడం అలవాటు చేసుకున్నాను. ఉప్పు డబ్బాకి రబ్బరు బ్యాండు వేశాను, పంచదార డబ్బాతో తికమకపడకుండా. ఆయన చూడలేదనే అనుకున్నాను. డాక్టరమ్మ మాట చెప్పిన రోజున ఆయన వంటింట్లోకి వెళ్ళి, కుర్చీని నడవడానికి అడ్డంగా బర్రున లాగి కూర్చున్నారు. "ఇన్నాళ్ళూ లేచినప్పుడల్లా దీన్ని బల్ల కిందకి తోసి చచ్చాను, నువ్వు కళ్ళు మూసుకుని తిరుగుతుంటే తగులుతుందేమోనని," అన్నారు. "మరి నన్ను అడగలేదేం," అన్నాను. "నువ్వు చెప్పలేదేం," అన్నారు. ఆయన నవ్వబోయారు గానీ నవ్వలేకపోయారు. ఉప్పు డబ్బాకి ఆ రబ్బరు బ్యాండు అలాగే ఉంది, తియ్యబుద్ధి కాలేదు.

నువ్వు తిడతావని తెలుసు. తిట్టు. ఇంత భారం మోసి దింపాక నీ తిట్లు పూలలాగే ఉంటాయి.

ఇక ఆ అట్ట సంగతి. డాక్టరమ్మ నీ గురించి కూడా అడిగింది. ఎడమ కంట్లో నట్టనడుమ మాత్రం, సన్నటి గొట్టంలోంచి చూసినట్టు, కాస్త మిగిలిందని చెప్పాను. పెద్ద పెద్ద అక్షరాలతో రాసిస్తే కనపడుతుందా అని అడిగితే, కాదంది. మరీ పెద్దవైతే ఆ గొట్టంలో అక్షరం ముక్కే కనపడుతుందట. అక్షరం అందులో పట్టాలి, లావుగా ఉండాలి, నలుపు మీద తెలుపైతే ఇంకా మంచిదంది. మెరిసే కాగితం పనికిరాదట. నేను ఇన్నాళ్ళూ నీకు రాసిన పెద్దక్షరాల చీటీలన్నీ ఎందుకు పనికిరాలేదో అప్పుడు తెలిసింది. మా ప్రెస్సులో మందుల పెట్టెలు చేసే అట్ట మీద నల్లగా అచ్చు వేయించి, అక్షరాలు తెల్లగా వదిలించాను. పెట్టె మడత కోసం అట్ట మీద ఉబ్బెత్తు గీత వేసే మిషను ఉంది, దాంతో అక్షరాల కింద ఒక గీత వేయించాను. మాస్టారు పైకి చదివారు, నేను చూశాను. తర్వాత కుర్చీలు మార్చుకుని మళ్ళీ చదివాం. నాలుగు మాటలకి ఇంత తతంగమా అని సూపర్‌వైజర్ నవ్వాడు. చదివేది మా అమ్మ, తప్పు పోతే ఊరుకోదని చెప్పాను.

అన్నయ్యకి నా నమస్కారాలు చెప్పండి. వదినా, నీ ఓపికకి దండం. ఇప్పుడు అట్ట మీది కాగితం తీసి అమ్మ చేతికియ్యి. నువ్వు చూసినా పైకి మాత్రం చదవకు.

అమ్మా, కిటికీ దగ్గరికి వెళ్ళు. వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చో. అట్ట మీద గీత చేతికి తగులుతుంది. దాని మీద వేలు పెట్టుకుని, ఎడమ కంటితో ఎడమవైపునుంచి మెల్లగా రా. ఒక్కో అక్షరమే కనపడుతుంది, తొందరేమీ లేదు. డాక్టరమ్మ చెప్పకముందే నేను ఆవిడ మానిటర్ మీద చదివిన మాటే దాని మీద ఉంది. నా కళ్ళ సంగతి నీకు ఇంకొకరు చదివి చెబితే చాలదనిపించింది. నువ్వే చదువుకో.

ఇట్లు,
నీ కూతురు